కత్తిరించిన అంచు

కాలెక్కడ, కన్నెక్కడ! పెద్దమ్మ కాలి మీది పుండుకీ, ఆమె ఎడమ కంటి ఎరుపుకీ చుట్టరికం ఉందని మాకెవరికీ తోచలేదు. అలాగని మేము కళ్ళు మూసుకొని బతికే మనుషులం కాదు. నల్లకోటు మీద ఆవగింజంత కన్నం ఉన్నా మా కళ్ళను తప్పించుకోలేదు.

మాది రఫూ పని, బట్టల కన్నాల్ని పోగుపోగుగా అల్లి కనబడకుండా చేయడం. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణంలో వెనకగది మాది. ఒక పెద్ద కిటికీ, దాని కింద బల్ల, రెండు కుర్చీలు, గోడకి దారం కండెల అర. ముందుగదిలో ఇస్త్రీ బాబాయి యంత్రం పలక దించినప్పుడల్లా తలుపు సందులోంచి తెల్లటి ఆవిరి మా పాదాల దాకా పాకి వచ్చేది. ఆయన మాకు వరసకి ఏమీ కాడు. దుకాణంలో అందరూ అలా పిలుస్తారని నేనూ పిలిచాను. పెద్దమ్మ మాత్రం సొంత మనిషి, మా అమ్మకి అక్క. ఊళ్ళో బడి చదువు అయిపోయాక, ఈ పిల్లకి చూపు నిలకడ ఉందని తనే నన్ను పనికి తెచ్చుకుంది. పెదనాన్న పోయాక ఒక్కతే ఉంటున్న ఇంట్లో నాకో మంచం వేసింది. రెండేళ్ళయింది.

రఫూలో మొదటి పని సూదిది కాదు, కత్తెరది. పురుగు కొట్టిన కన్నం గానీ, నిప్పురవ్వ పడి కాలిన కన్నం గానీ, దాని చుట్టూ ఉన్న పోగులు పైకి బాగానే కనిపిస్తాయి. లోపల మాత్రం చచ్చి ఉంటాయి. వాటిని నమ్ముకొని కొత్త పోగు అల్లితే నాలుగు రోజుల్లో అతుకు ఊడి చేతికొస్తుంది. అందుకని ముందు అంచు కత్తిరించాలి. గట్టి పోగు తగిలేదాకా కత్తిరించాలి. కన్నం రెండింతలవుతుంది. బట్ట తెచ్చినవాళ్ళు అప్పుడు చూశారంటే గుండె పట్టుకుంటారు.

"భయపడి ఆగావో, పని చెడింది," అనేది పెద్దమ్మ. "కన్నం పెద్దదవుతోందని ఏడవకు. అంచు శుభ్రమయిందా లేదా అది చూడు."

ఆమె చేతిలో పడి బాగుకాని బట్ట లేదు. అది గొప్పకి చెప్పే మాట కాదు. అందుకే ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ సరిగా కొరుకుడు పడదు.

రెండు నెలల కిందట పెద్దమ్మ ఎడమ కాలి పిక్క పక్కన చిన్న కురుపు లేచింది. చీమ కుట్టిందనుకుంది. రెండో రోజుకి చీము పట్టింది, నాలుగో రోజుకి పగిలి పుండయింది. వీధి చివర క్లినిక్‌లో నర్సు కడిగి కట్టు కట్టింది. మళ్ళీ కడిగింది, మళ్ళీ కట్టింది. పుండు మానలేదు సరికదా, వెడల్పయింది. దాని సైజుకీ అది పెట్టే నొప్పికీ పొంతన లేదు. కుర్చీలోంచి లేవాలంటే పెద్దమ్మ బల్ల అంచు పట్టుకొని ఒక నిమిషం ఊపిరి బిగబట్టేది.

"వదినా, కాలు ఇలా పట్రా, ఒకసారి ఇస్త్రీ పెట్టేస్తాను, ముడతతో సహా పోతుంది," అనేవాడు బాబాయి.

"ముందు నీ మొహానికి పెట్టుకో, అది నలిగి ఎన్నాళ్ళయిందో," అనేది పెద్దమ్మ.

ఒకరోజు పొద్దున్నే వంటగదిలోకి వెళ్ళేసరికి పెద్దమ్మ పీట మీద కాలు చాపుకొని కూర్చొని ఉంది. కట్టు విప్పి ఉంది. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. ఆమె చేతిలో పనికత్తెర ఉంది, చిన్నది, మొన వంపుది. పుండు అంచు పట్టుకొని, కన్నం అంచుని కత్తిరించినట్టే, కొంచెం కొంచెంగా కత్తిరిస్తోంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"అలా గుడ్లప్పగించి చూస్తావేం? తలుపు వేసి రా," అంది.

దగ్గరికి వెళ్ళి చూశాను. పుండు నడుమ ఎర్రగా, తడిగా ఉంది. అంచు మాత్రం వంకాయ రంగులో ఉంది. అంటుకొని లేదు. కింద బోలుగా, జేబు మీది మూతలాగా లేచి ఉంది. దాన్నే ఆమె తీసేస్తోంది. తీసినంత మేరా గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. పనిమంతురాలి చెయ్యి.

"చచ్చిన అంచు వేలాడుతుంటే కొత్త చర్మం దేన్ని పట్టుకుంటుందే?" అంది. "ఆ నర్సుకి కట్టు కట్టడం తెలుసు, అంచు తీయడం తెలీదు."

"నొప్పి?"

"ఉంటుంది. ఉంటే?" కత్తెర నీళ్ళలో వేసింది. "రోజూ తీస్తున్నాను. ఇంకా గట్టి చర్మం తగల్లేదు, అంతే. ఈ సంగతి ఎవరితోనూ అనకు. డాక్టర్లతో అసలనకు. కత్తెరంటే వాళ్ళ సొత్తనుకుంటారు, తిడతారు."

నేను సరేననలేదు. అసలేమీ అనలేదు. నేను మాట్లాడకపోతే అందరూ దాన్ని ఒప్పుకోవడం కిందే లెక్కేసుకుంటారు. ఆ రోజు కూడా అంతే అయింది.

మర్నాటికి అంచు మళ్ళీ వంకాయ రంగులోకి వచ్చింది, ఇంకో గోరంత అవతల. ఆమె అదీ తీసింది. అంచు శుభ్రం చేస్తే ఏదైనా బాగుపడాలని నాకు ఆమే నేర్పింది. ఇక్కడ శుభ్రం చేసినకొద్దీ కన్నం నడుస్తోంది. నాకర్థం కాలేదు. ఆమెకి అర్థమైందని మాత్రం అనుకున్నాను.

బాబాయి పోరు పడలేక ఒక బుధవారం పెద్దాసుపత్రికి వెళ్ళాం. రెండో అంతస్తులో చర్మం డాక్టరు. పెద్దాయన, మెల్లగా మాట్లాడతాడు, మెడలో తాడుకి భూతద్దం వేలాడుతుంటుంది. కట్టు విప్పి, ఆ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. మా పనివాళ్ళలాగే, నడుమ కాదు, అంచు చూశాడు.

"కురుపుగా మొదలై ఇంత త్వరగా ఇంత అయింది. నొప్పి చూస్తే విపరీతం. ఇదంతా వింటే నాకొక జబ్బు గుర్తుకొస్తోంది," అన్నాడు. "కానీ దాని అంచు ఇలా ఉండదు. ఇదేమిటమ్మా, టైలరు కత్తిరించినట్టుంది? ఎవరైనా కోశారా?"

"లేదండీ," అంది పెద్దమ్మ, చటుక్కున.

డాక్టరు నావైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను.

"అయితే అది కాదేమో," అన్నాడాయన, తనలో తను అనుకున్నట్టు. "అది అయితే ఒక మందు. కాకపోతే ఆ మందే చేటు చేస్తుంది. తొందరపడలేను." పుండు మీది నీరు దూదితో తీసి పరీక్షకి పంపాడు. మోచేతి మడత దగ్గర రక్తం తీయించాడు. పుండుకి అంటుకోని కట్టు వేయించి వారం తర్వాత రమ్మన్నాడు.

గురువారం పొద్దున పనిలో పెద్దమ్మ సూదిలోకి దారం ఎక్కించలేకపోయింది. మూడుసార్లు ప్రయత్నించి, సూది మారుద్దామంది. మార్చినా అంతే. తలెత్తితే ఎడమ కన్ను ఎర్రగా ఉంది, నీరు కారుతోంది. రెండు మూడు రోజులుగా కన్ను గరగరమంటోందనీ, దారం నూగు పడిందేమోనని ఊరుకున్నాననీ అప్పుడు చెప్పింది. కిటికీ తెర వేయమంది. మా గదికి ఆ కిటికీయే ప్రాణం. నేను అక్కడికి వచ్చాక దాని తెర వేయడం అదే మొదలు.

శుక్రవారానికి ఆమె కన్ను తెరవలేకపోయింది. మళ్ళీ అదే ఆసుపత్రి, ఈసారి మూడో అంతస్తు. కంటి డాక్టరమ్మ చిన్నవయసుది, చురుగ్గా కదులుతుంది, మాట కత్తిరించినట్టు ఉంటుంది. కంట్లో పసుపు రంగు చుక్క వేసి, నీలం దీపం వేసి, యంత్రానికి గడ్డం ఆనించమంది. పక్కన చిన్న తెర ఉంది, అందులో పెద్దమ్మ కన్ను పళ్ళెమంత కనబడింది. నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర, కార్నియా, దాని అంచు వెంబడి గోరు ముద్రలాగా ఒక వంపు. రంగు నీళ్ళు అక్కడ నిలిచి పచ్చగా మెరిశాయి.

"కార్నియా మీద పుండు," అంది డాక్టరమ్మ. "నడుమ కాకుండా అంచున వచ్చింది. కంట్లో ఏమైనా పడిందా?"

"దారం నూగు పడి ఉంటుందండీ."

"ఒంట్లో ఇంకేమైనా బాధ ఉందా? కీళ్ళ నొప్పులు, జ్వరం, ఇంకేదైనా?"

"ఏమీ లేదండీ."

నేను పెద్దమ్మ చెయ్యి గిల్లాను. ఆమె నా చెయ్యి తీసేసింది. డాక్టరమ్మ పుండు మీద నుంచి కొంచెం గీకి క్రిమి పరీక్షకి పంపింది. గంటగంటకీ వేయమని చుక్కల మందులు రాసింది. "స్టెరాయిడ్ మందు ఏ రూపంలోనూ వాడకండి. లోపల క్రిమి ఉంటే అగ్గిలో ఆజ్యం పోసినట్టే," అంది.

బయటికి వచ్చాక మెట్ల దగ్గర అడిగాను. "కాలి సంగతి చెప్పలేదేం?"

"కంటి డాక్టరుకి కాలు చూపిస్తే నవ్వుతుందే. ఆ సంగతి చూడ్డానికి కింద ఆయన ఉన్నాడుగా," అంది పెద్దమ్మ. "కాలు రెండో అంతస్తు, కన్ను మూడో అంతస్తు. ఇక తల చెడితే ఎన్నో అంతస్తుకి వెళ్ళాలో."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె చెయ్యి పట్టుకొని మెట్లు దింపుతుంటే, మోచేతి మడత దగ్గర నా వేలికి ఏదో తగిలింది. సూది గుచ్చి రక్తం తీసిన చోట చిన్న కురుపు. తల తెల్లగా ఉంది, చుట్టూ సన్నటి వలయం.

వలయం వంకాయ రంగులో ఉంది.

ఆ శని ఆదివారాలు నేను చుక్కలు వేయడం, గడియారం చూడడం, మళ్ళీ చుక్కలు వేయడం. ఆ మధ్య మధ్యలో ఊరికే ఆలోచించాను. ఆలోచించాను అనడం కూడా ఎక్కువే. చూసినవి ఒకదాని పక్కన ఒకటి పెట్టుకున్నాను. కత్తెర పెట్టిన చోట పుండు పెరిగింది. సూది గుచ్చిన చోట కురుపు వచ్చింది. కంటి మీద గీకి రెండు రోజులు కాకముందే నొప్పి ఇంకా పెరిగింది. ఇవన్నీ వరసగా ఉన్నాయి, కానీ ఏం చెబుతున్నాయో తెలియదు. క్రిమి అయితే మందుకి లొంగాలి. దెబ్బ అయితే మానాలి. మానకుండా, లొంగకుండా, ముట్టుకుంటే పెరిగేది ఏమిటి? బడిలో చదివిన ఏ పాఠంలోనూ అలాంటిది లేదు. పెద్దమ్మ నేర్పిన పనిలో అసలే లేదు.

చూపు ఆనక, గురువారం నుంచి ఆ నాలుగు రోజులూ పెద్దమ్మ అంచు కత్తిరించలేదు. నన్ను కత్తిరించమని అడిగింది. నేను కత్తెర కనబడలేదన్నాను. అది నా చేతిసంచిలోనే ఉంది.

సోమవారం కంటి డాక్టరమ్మ తెర మీద చూసి, కుర్చీ వెనక్కి జరిపి, మళ్ళీ ముందుకి జరుపుకొని ఇంకోసారి చూసింది. ఆమెకీ ఏదో అంతుపట్టలేదని నాకు తెలిసిపోయింది.

"క్రిమి పరీక్షలో ఏమీ పెరగలేదు," అంది చివరికి. "మందులు సరిగ్గానే వేస్తున్నారు. అయినా పుండు పాకుతోంది, పొర పల్చబడుతోంది. ఇంకా పల్చబడితే అక్కడ చిల్లు పడుతుంది. పడితే కన్ను నిలబెట్టడం కష్టం. కుడి కన్ను కూడా కొంచెం ఎర్రబడింది చూశారా?"

పెద్దమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. సూది పట్టే రెండు వేళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. ఆ రెండు వేళ్ళూ ఆ కళ్ళూ తప్ప ఆమెకి వేరే బతుకు లేదు.

"మరేం చేస్తారండీ?"

"రేపు ఆపరేషన్ చేద్దాం. చచ్చిన అంచు తీసేసి, శుభ్రం చేసి, అతుకు వేస్తాను."

పెద్దమ్మ మొహం విప్పారింది. చాలా రోజుల తర్వాత.

"అదీ మాట!" అంది. "ఇన్నాళ్ళకి పని తెలిసిన మనిషి తగిలింది. నేనూ అదే అంటున్నానండీ. అంచు తీయకుండా అతుకు నిలవదు. గట్టి దాకా తీయండి, భయపడకండి. మాది రఫూ పని, నాకు తెలుసు."

డాక్టరమ్మ కూడా నవ్వింది. కాగితం తీసి రాయబోయింది.

ఇంతవరకూ డాక్టర్లు మాకు అర్థం కాని మాటలు చెప్పినప్పుడు కూడా నాకింత భయం వేయలేదు. మొదటిసారి ఒక డాక్టరు చెప్పింది పెద్దమ్మకి పూర్తిగా అర్థమైంది. అదే నన్ను భయపెట్టింది.

"తీయొద్దండీ," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఇద్దరూ నావైపు తిరిగారు.

"అంచు తీస్తే పెరుగుతుందండీ. కాలి మీద అలాగే పెరిగింది."

"ఏ కాలు?" అంది డాక్టరమ్మ.

"నోరు ముయ్యి," అంది పెద్దమ్మ.

నేను ముయ్యలేదు. నేల మీద కూర్చొని ఆమె కాలి బట్ట పైకి జరిపాను, కట్టు విప్పాను. ఆమె కాలు వెనక్కి లాక్కోబోయింది, నొప్పికి లాక్కోలేకపోయింది. రోజూ పొద్దున కత్తెరతో అంచు కత్తిరించడం, మర్నాటికి అది ఇంకా అవతలికి పోవడం, మోచేతి దగ్గర సూది గుచ్చిన చోట కురుపు, అన్నీ చెప్పాను. సరైన వరసలో చెప్పానో లేదో తెలియదు. ఒకచోట రెండుసార్లు చెప్పినట్టు గుర్తు. డాక్టరమ్మ మధ్యలో ఆపలేదు. మోకాళ్ళ మీద కూర్చొని కాలు చూసింది. మోచెయ్యి చూసింది. మళ్ళీ కాలు చూసింది. తర్వాత లేచి ఫోన్ తీసుకుంది.

"కింద ఆయన్నొకసారి పైకి రమ్మనండి. ఇప్పుడే."

ఆయన వచ్చేదాకా పెద్దమ్మ ఒక్క మాటే అంది, నావైపు చూడకుండా. "నోట్లో నాలుక లేని పిల్లని తెచ్చుకున్నాననుకున్నాను. ఇంత పొడుగు నాలుకుందని ఎవరికి తెలుసు?"

చర్మం డాక్టరు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు. పెద్దమ్మని చూసి, "మీరా!" అన్నాడు. "మీరు ఈ గదిలో ఏం చేస్తున్నారమ్మా?" కిందికి వంగి పుండు మీద భూతద్దం పెట్టాడు. నాలుగు రోజులు కత్తెర తగలని అంచు మళ్ళీ పెరిగి, వంకాయ రంగులో, బోలుగా లేచి ఉంది.

"బుధవారం ఈ అంచు లేదే?"

"కత్తిరించానండీ," అంది పెద్దమ్మ. ఇక దాచి ఏం లాభం అన్నట్టు.

ఆయన దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. "అమ్మా, నేను చూడవలసింది ఆ అంచునే. ఆ జబ్బుని గుర్తుపట్టేదే దాంతో. మీరు రోజూ దాన్ని కోసి పారేసి, మిగతాది నాకు చూపించారు."

ఆయన దాని పేరు చెప్పాడు. పయోడెర్మా గ్యాంగ్రినోసమ్. పెద్దమ్మ ఒకసారి అనబోయి మానుకుంది. అందులో క్రిమి ఉండదట. ఒంటికి కాపలా కాయవలసిన రక్తకణాలు దారితప్పి, ఒంటి కండనే తినడం మొదలుపెడతాయట. గీసినా, కోసినా, గుచ్చినా అక్కడికి ఎగబడి వస్తాయట. ఎప్పుడో అరుదుగా కంటి అంచు మీద కూడా పడతాయట.

"నా కాపలావాళ్ళు నన్నే తింటున్నారా?" అంది పెద్దమ్మ.

"అలాగే అనుకోండి."

"ఎందుకని?"

"అది నాకూ తెలీదమ్మా."

ఆ తర్వాత డాక్టర్లిద్దరూ కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. గొంతులు తగ్గించారు గానీ ఆ గది చిన్నది. ఆ కణాల్ని అణచాలంటే స్టెరాయిడ్ మాత్రలు, పెద్ద మోతాదులో, ఈ పూటే మొదలుపెట్టాలని ఆయన. పరీక్షలో క్రిమి కనబడనంత మాత్రాన లేదని కాదనీ, ఉంటే ఆ మాత్రలతో కన్ను రెండు రోజుల్లో పోతుందనీ ఆవిడ. ఇవ్వకపోయినా పోతుందని ఆయన. కోస్తే పోతుందేమోనని ఇప్పుడు ఆవిడకే అనుమానం. కాలి నీటి పరీక్షలోనూ క్రిమి లేదని ఆయన. ఎటు తిరిగినా కన్ను పోయే దారి ఒకటి ఉంది, నిలిచే దారి ఒకటి ఉంది. ఏది ఏదో వాళ్ళకే ఖాయంగా తెలియదు.

చివరికి ఇద్దరూ వచ్చి మా ఎదురుగా కూర్చున్నారు.

"ఆపరేషన్ ఆపుతాను," అంది డాక్టరమ్మ. "మాత్రలు మొదలుపెడదాం. క్రిమికి చుక్కలు ఆపొద్దు. ఆసుపత్రిలోనే ఉండండి, రోజూ చూస్తాను. మూడు రోజులు. అప్పటికీ పల్చబడుతుంటే అతుకు తప్పదు. మీరు ఒప్పుకోవాలి."

"మూడు రోజుల్లో నిలుస్తుందా?"

"చెప్పలేను."

"మీరు చెప్పండి," అంది పెద్దమ్మ ఆయనతో.

"నేనూ చెప్పలేనమ్మా. నిలుస్తుందనే అనుకుంటున్నాను."

"అనుకోవడం నాకూ వచ్చు. ఇన్నాళ్ళూ అనుకునే కదా కత్తిరించాను." అప్పుడు మొదటిసారి నావైపు తిరిగింది. ఆ ఎర్రటి కంటితో, నీరు కారుతుండగా, నన్ను వెతుక్కున్నట్టు చూసింది. "నువ్వు చెప్పు. మాట్లాడడం మొదలుపెట్టావుగా, పూర్తి చెయ్యి."

నాకేం తెలుసు? ఒక వరసలో నాలుగు సంగతులు చూశాను, అంతే. అవి నిజంగా ఒక వరసేనో, నేనే అలా పేర్చుకున్నానో కూడా తెలియదు. తప్పయితే ఆ కన్ను నా పేరు మీద పోతుంది. ఆమె ఎదురుచూస్తోంది. డాక్టర్లు కూడా ఎందుకో నావైపే చూస్తున్నారు.

"మింగు పెద్దమ్మా," అన్నాను.

ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక నర్సు ఆమె అరచేతిలో మాత్రలు పోసింది. పెద్దమ్మ వాటిని లెక్కపెట్టలేదు. నీళ్ళతో ఒకటొకటిగా మింగి గోడవైపు తిరిగి పడుకుంది.

మొదటి రోజు నాతో మాట్లాడలేదు. చుక్కలు వేసేటప్పుడు కన్ను మాత్రం తెరిచేది. సాయంత్రం బాబాయి వచ్చి, "వదినా, నువ్వు లేక అక్కడ కన్నాలన్నీ నవ్వుతున్నాయి," అన్నాడు. ఆమె తిట్టలేదంటేనే ఆయనకి భయమేసింది. బయట వరండాలో, "ఏమంటున్నారే డాక్టర్లు?" అని అడిగాడు. ఇలా ఇలా అని చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "కోస్తే పెరగడమేమిటి, వదిలేస్తే తగ్గడమేమిటి? తలా తోకా లేదు," అన్నాడు. తలా తోకా నాకు తెలిసి ఉంటే ఆయనకి చెప్పేదాన్నే.

రెండో రోజు పెద్దమ్మ కూర్చుంది. ఆకలేస్తోందంది. పెట్టినదంతా తినేసి, ఇంకా ఉందా అంది. మాత్రలకి అలాగే ఉంటుందని నర్సు చెప్పింది. ఒకసారి ఉన్నట్టుండి నవ్వింది, ఒకసారి ఉన్నట్టుండి ఏడ్చింది, రెండూ ఎందుకో తనకి తెలియదంది. కట్టు మార్చేటప్పుడు మెడ సాచి కాలి వైపు చూసి, "ఆ పక్కన ఒక ముక్క వేలాడుతోంది కదే. ఒక్కటి. ఆ ఒక్కటీ తీసేస్తే ఎంత నీటుగా ఉంటుందో," అంది.

"వద్దు పెద్దమ్మా."

"తెలుసులే." చేతులు రెండూ తొడల కింద పెట్టుకొని కూర్చుంది. "ఏ పనీ చేయకపోవడమే మందని ఎవరైనా చెబితే చెయ్యి ఊరుకుంటుందా? నా చెయ్యి ఊరుకోవట్లేదే."

నొప్పి ఎలా ఉందని అడిగాను. "తగ్గినట్టే ఉంది. తగ్గిందని చెబితే మళ్ళీ పెరుగుతుందేమో. తగ్గలేదనే రాయించు," అంది.

మూడో రోజు పొద్దున చక్రాల కుర్చీలో కంటి గదికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పసుపు చుక్క వేసి, నీలం దీపం వేసింది. తెర మీద కన్ను మళ్ళీ పళ్ళెమంత వచ్చింది. గోరు ముద్ర అక్కడే ఉంది. చిన్నదయిందా? నాకు తెలియలేదు. డాక్టరమ్మ ఏదో కొలిచింది, పాత కాగితంలోది చూసింది, మళ్ళీ కొలిచింది.

"కదల్లేదు," అంది. "సోమవారం ఎక్కడుందో అక్కడే ఉంది."

"అంటే బాగయినట్టా?" అన్నాను.

"కదల్లేదు అంటున్నాను. ఈ రోజుకి అంతకంటే అడగకండి." కానీ ఆపరేషన్ కాగితం దొంతర కిందికి తోసింది. నేను చూశాను.

అప్పుడు డాక్టరమ్మ పెద్దమ్మ కుడి కన్ను మూసి, ఎదుటి గోడ మీద పట్టిక చూపించింది. అందులో అక్షరాల్లేవు, సున్నాలున్నాయి. ఒక్కో సున్నా ఒక్కో పక్క తెగి ఉంది. పైన పెద్దవి, కిందికి పోయినకొద్దీ చిన్నవి. ఏ పక్క తెగిందో చెప్పాలి. సోమవారం పెద్దమ్మ పైవరస దాటలేదు.

పైవరస చెప్పింది. రెండో వరస కొంచెం ఆగి చెప్పింది. మూడో వరసలో మొదటి సున్నా దగ్గర ఆగిపోయింది. మెడ ముందుకి సాచింది. నీరు కారుతోంది, తుడుచుకోలేదు.

"అక్కడేదో ఉందండీ. ఒక పక్క తెగినట్టుంది. తెగింది మీ బొమ్మేనో, నా కన్నేనో తెలియట్లేదు."

"తొందర లేదు," అంది డాక్టరమ్మ.

పెద్దమ్మ వేళ్ళు కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి. నేను గోడ వైపు చూడలేదు, ఆమెనే చూస్తున్నాను.

"కుడి పక్కేమోనండీ," అంది చివరికి. "తప్పయితే తప్పని చెప్పండి. నాకు నిజంగా తెలియట్లేదు."

డాక్టరమ్మ తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. కాగితం మీద ఏదో రాసుకొని, పుల్లతో పట్టికలో ఆ పక్క సున్నా చూపించింది.